అంచున ఒక మాట

నారాయణవనం నుంచి చెంగల్రాయుడు తెచ్చిన
గుప్పెడు అవిసె నార.
ఒక పోగు పళ్ళ మధ్య లాగి
"బిరుసుండాది మేడమ్" అన్నాడు. అంతే.

పంటిమాట ఫారంలో పట్టదు.
కాస్టిక్ సోడాలో ఉడికించాను.
గంటకి నీళ్ళు మడ్డి టీ రంగుకి తిరిగాయి.
పోగుమీద ఫ్లోరోగ్లూసినాల్, యాసిడ్, చెరొక చుక్క:
అంచుల్లో ఎరుపు పాకింది,
దాక్కున్న లిగ్నిన్ చెయ్యెత్తినట్టు.

ఆరబెట్టి తూచాను.
తిరుపతి ఉక్కకి చెమట చుక్క రాలుతుందని
ఊపిరి బిగబట్టి మళ్ళీ తూచాను.
నాలుగో దశాంశం కుదురుకోదు.

"నాణ్యత: మధ్యమం."
సంతకం ముందు ఆగి ఫోన్ చేశాను.
ఎన్నాళ్ళు నానబెట్టారు?
"పది దినాలనుకుంటిమి. ఆరుకే బోరు ఎండిపాయ."

ఆ నీళ్ళకి గడి లేదు.
రిపోర్టు అంచున పెన్సిల్‌తో
ఒక్క మాట రాశాను:
బోరు.