రెండు పాయింటు తొమ్మిది

రాయొద్దన్నది నేనే.
ముందా మాట చెప్పి
తర్వాత మిగతాది చెప్తాను.

మాది కనిగిరి పక్కన ఊరు.
బోరు ఎంత లోతుకు దించినా
నీళ్ల వెంట ఫ్లోరైడూ పైకొస్తుంది.
పెళ్లిచూపుల్లో మా పిల్లలు
పెదాలు మూసుకునే నవ్వుతారు.
మాలకొండమ్మ నడుము
ముప్పై ఏళ్లుగా వంగే ఉంది,
జారిపోయిన సూదిని
ఇంకా నేలమీద వెతుకుతున్నట్టు.

అందుకే సంఘం పెట్టుకున్నాం.
నూట నలభై ఇళ్లు, ఇంటికి వెయ్యి,
ఒక రేకుల షెడ్డు, ఒక మిషను,
టిన్ను ఐదు రూపాయలు.
లెక్కల పుస్తకం నా దగ్గర,
మిషను తాళం ఖాజావలి దగ్గర.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక పారేసిన
మూల విరిగిన నల్లరాయొకటి
ఆటోలో వేసుకొచ్చాడు ఖాజావలి.
షెడ్డు గోడకు ఆనించి
రోజూ పొద్దున్నే సీసాలో నీళ్లు పట్టి
మందుచుక్కలు వేసి, రంగు చూసి
వచ్చిన అంకె సుద్దతో రాసేవాడు.
సున్నా పాయింటు ఆరు.
సున్నా పాయింటు ఏడు.
కింద నిన్నటి వసూలు, కరెంటు బిల్లు,
తన జీతం కూడా.
ఎవరూ చదివేవాళ్లు కాదు.
మేకొచ్చి ఒళ్లు రుద్దుకుంటే
కింది వరస చెరిగిపోయేది.
మళ్లీ రాసేవాడు.

రోహిణి కార్తె మూడోరోజు
అంకె మారింది.
రెండు పాయింటు తొమ్మిది.
మళ్లీ పట్టాడు. మళ్లీ అదే.
తెల్లారకముందే నా తలుపు కొట్టాడు.

"కొత్త పొర నాలుగు రోజుల్లో వస్తుంది,
నాలుగు రోజులకే ఎవరి ఎముకలూ వంగవు,
ఊరికి తెలిస్తే సంఘం మిగలదు,
నిన్నటి అంకె ఉంచెయ్" అన్నాను.

సుద్దముక్క అరచేతిలో దొర్లిస్తూ అన్నాడు:
"ఉంచితే అన్నా,
ఇన్నాళ్లూ రాసినవన్నీ
నిన్నటి అంకెలే అయిపోతాయి."

రాశాడు.
చత్వారమొచ్చిన కళ్లకూ ఆనేంత పెద్దగా:
రెండు పాయింటు తొమ్మిది. ఈ నీళ్లు తాగొద్దు.
పొర చిరిగింది. ఎండలకు ముందే మార్చాల్సింది.
మార్చలేదు. తప్పు మాది.

మాది అని రాశాడు గానీ
డబ్బు ఆపింది నేను.

ఆ రోజు తిన్న తిట్లు
ఏ పద్దు కింద రాయాలో తెలీలేదు.
తిరుపాలు టిన్ను విసిరితే
రేకు సొట్టపోయింది, ఇప్పటికీ ఉంది.
సగం ఊరు కందుకూరు రోడ్డు మీది
ప్రైవేటు ప్లాంటుకు పోయింది.
అక్కడ గోడనిండా మంచుకొండల బొమ్మ,
కొండల కింద జింక.

ఐదోరోజు, మనవడి బండెక్కి
మాలకొండమ్మ కూడా పోయింది.
వంగిన నడుంతోనే గోడ పొడుగునా వెతికి
"మీ రాయి యాడుందయ్యా?" అంది.
కుర్రాడు నవ్వాడు.
"ఎంతొచ్చిందో యాడ రాస్తారయ్యా?"
ఈసారి నవ్వలేదు.
ఖాళీ టిన్నుతోనే తిరిగొచ్చింది.

ఆమె వెనక ఒకరు, ఇద్దరు.
అందరూ రాలేదు. తిరుపాలు ఇంకా రాలేదు.
వచ్చినవాళ్లు మాత్రం
టిన్ను పట్టేముందు రాయి చదువుతారు.
ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి
నా కూడికలో పన్నెండు రూపాయల తేడా పట్టుకుని
నలుగురిలో అడిగింది.
సిగ్గేసింది.
ఆ రాత్రి ఎందుకో నిద్ర బాగా పట్టింది.

నిన్న ఖాజావలి
చెల్లెలి కూతురి నిఖాకు కంభం పోయాడు.
సీసా నేనే పట్టాను.
ఒకటి పాయింటు ఒకటి.
ప్రమాదమేం కాదు గానీ
మొన్నటి కన్నా ఎక్కువ.

సుద్ద రాయికి ఆనించి
ఒక్క క్షణం ఆగాను.

వెనక టిన్ను దించిన చప్పుడు.
"ఎంతొచ్చింది నాయనా?"