చెప్పుల కిటికీ

తెలావిలో మా రొట్టెల కొట్టు నేలకింద.
ఆరు మెట్లు దిగాలి, ఎవరూ దిగరు.
వీధి మట్టానికి మూరెడు కిటికీ,
అందులోంచి రొట్టె పైకి, డబ్బు కిందికి.
మాకు ఊరంటే మడమలూ, ప్యాంటు అంచులూ,
వాన పడితే బురద.

ఉషాంగి మొహాలు చూడడు.
నడుము దాకా పొయ్యిలోకి వంగి
కాలే మట్టిగోడకు పిండి చరుస్తూ
చెప్పుల్ని బట్టి మనిషిని పోల్చుకుని
వంగినవాడు వంగినట్టే మాట వదిలేవాడు.
పొయ్యి గొంతులో గంగాళంలా మోగి
ఆ మాట ఆయనకన్నా ముందు వీధెక్కేది.

మందుల షాపు ఎతెరిని "ఎన్నో నెల?" అన్నాడు.
నెలా లేదు, ఏమీ లేదు, చలికాలపు తిండి, అంతే.
బడి పంతులు గివితో
"మీవాడు మళ్లీ తప్పాడటగా" అన్నాడు,
పంతులుకి అప్పటికింకా తెలీదు.
వెంటనే నాలుక కరుచుకునేవాడు.
అక్కడ ఈపాటికి కాయ కాచి ఉంటుందని
మేం నవ్వుకునేవాళ్లం.

రొట్టె గోడ విడిచి జారబోతే
కొక్కెం ఉంది, రెండు గజాలది.
ఎంత లోతునున్నా లాగుతాం.
తక్కినవాటికి లేదు.

మార్చి నెల. బూడిదరంగు బూట్లు,
ఎడమదానికి నల్లదారం కుట్టు.
లమారా. ఇరవై ఏళ్లుగా రోజూ మూడు రొట్టెలు.
"ఒకటి" అంది.
"ఒక్కటేనా? అమీరాన్ అలిగాడా ఏం?"
పొయ్యిలోంచే, వంగినవాడు వంగినట్టే.

బూట్లు కదల్లేదు.
నేను తలెత్తి చూశాను. నల్ల ముసుగు.
నా గుప్పిట్లో చిల్లర వేడెక్కింది.
"అవును" అంది, "అలిగాడు."
రొట్టె తీసుకుని వెళ్లింది.

రాజధాని ఆసుపత్రిలో పోయాడనీ
ముందురోజే మట్టి చేశారనీ
మధ్యాహ్నం పిండి బండివాడు చెప్పాడు.
ఉషాంగి చేతులు కడుక్కున్నాడు.
మళ్లీ కడుక్కున్నాడు.

ఆ పైన ఆయనకు రెండే మాటలు:
"ఎన్ని?", "ఇదిగో."
వీధికి తోచలేదు.
ఎతెరి కూడా ఒకరోజు కిటికీ దగ్గర
అటూ ఇటూ తచ్చాడింది, ఏమన్నా అంటాడేమోనని.
రొట్టెలో ఉప్పు తగ్గిందన్నారు.
తగ్గలేదు, కొలిచింది నేనే.
బూడిదరంగు బూట్లు వస్తే మాత్రం
పొయ్యిలోకి ఇంకాస్త లోతుకు వంగేవాడు.

ద్రాక్ష కోతల ముందు, ఒక పొద్దున
ఆ బూట్లు వచ్చి ఆగి, రొట్టె అడగలేదు.
మోకాళ్లు వంగాయి.
మొదటిసారి మా కిటికీలో ఒక మొహం.
"అడగవేం?"
"ఏమడగను?"
"అలక తీరిందా అని."
కాసేపాగి, నేలతో అన్నట్టు అంది:
"అందరూ నా దగ్గరికి
మాటలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి తెచ్చారు.
నువ్వొక్కడివే ఆయన ఇంట్లో ఉన్నట్టు మాట్లాడావు.
తలుపు తీసేదాకా
నిజంగానే అలిగాడనుకున్నాను.
దారంతా తిట్టుకుంటూ వెళ్లాను."

ఉషాంగి నిటారుగా నిలబడ్డాడు.
కనుబొమలు సగం కాలి ఉన్నాయి.
పుట్టాక మొదటిసారి మాట వెతుక్కున్నాడు.
ఒకటి నోటిదాకా వచ్చింది, మింగాడు.
ఇంకొకటి మింగాడు.
ఆమె మోకాళ్ల మీదే ఉంది.
వెనకనుంచి వాసన.

"ఓరి నీ... రొట్టె!"
కొక్కెం అందుకునేలోపు నాలుగు బూడిదలో.
లమారా నవ్విందో దగ్గిందో
పొగలో తేల్లేదు.
"ఆ మాడినదొకటి ఇవ్వు" అంది.
"ఆయనకు అలాగే ఇష్టం."

ఇప్పుడు పొయ్యి నాది.
ఎవరొచ్చినా ముందు మొహం చూసి
తర్వాత నోరు తెరుస్తాను.
దానికి మెడ ఇంత ఎత్తాలి, రోజూ నొప్పి.
ఒక్కోసారి,
చెప్పులు బాగా తెలిసినవైతే,
ఎత్తను.