దడువాయి లెక్క

బాదేపల్లి మార్కెట్ల
ఇరవై రెండేండ్లు పల్లికాయ జోకిన చేతులివి.
ఇంజన్ జోకుమని
ఎవ్వరూ అడగలే, మొన్న శ్రావణం దాంక.

విఠోబ సారు పాలిటెక్నిక్‌ల గీతలు గీసుడు నేర్పుతడు.
కోయంబత్తూరు నుంచి నాలుగు చెక్కపెట్టెల్ల
ఒక కారును ముక్కలుముక్కలుగ తెప్పిచ్చిండు.
పైపుల చట్రం, పల్చటి రేకు, రెండే సీట్లు,
తలుపుల్లేవు, టాపు లేదు.
అంత కలిపి మూడు నూర్ల నలభై కిలోలు.
"తొమ్మిది బస్తాల పల్లికాయ, అంతే సారూ" అన్న.
పాసైన పిలగాని లెక్క మురిసిండు.

పెట్టెల్ల లేనిది ఒక్కటే, ఇంజన్.
కాయితంల రాసిన ఇంజన్ ఇప్పుడు యాడా చేస్తలేరంట.
"మనదేందో మనమే ఎతుక్కోవాలె."

రైలుగేటు ఎనక షర్ఫొద్దీన్ షెడ్డు.
తాటిపత్రి మీద రెండు ఇంజన్లు.
దేవరకద్ర సంతల కోడెలకు పండ్లు సూసినట్టు
వంగి వంగి సూస్తున్నం.

మొదటిది డీజిలు. ట్యాక్సీల నుంచి ఊడదీసింది.
నూట ముప్పై ఎనిమిది.
"బలం మస్తుంటది" అన్నడు షర్ఫొద్దీన్.
"ముక్కుకు గంగాళం కట్టుకొని ఉరికినట్టుంటది" అన్న నేను.
ఇంజన్ తెల్వకున్నా
బరువు యాడ కూసుంటదో జోకెటోనికి తెలుస్తది.

రెండోది, మిడ్జిల్ బడిపిల్లలను మోసిన పాత వ్యానుది.
గేరుపెట్టెతోటి ఎనభై ఆరు.
ముప్పై ఏడు గుర్రాలంట.
"అండ్ల పదన్న సచ్చిపోయుంటయి" అన్నడు సారు.
ఎవ్వరం దాని దిక్కు రెండోసారి సూడలే.

అప్పుడు షర్ఫొద్దీన్
మూలకున్న గోనెసంచి ఇప్పిండు.
నాలుగు సిలిండర్ల బైకు ఇంజన్. గేర్లు దాని కడుపులనే.
అరవై ఒకటి.
గుర్రాలెన్నో సారు నోట్లనే అనుకున్నడు,
దిష్టి తాకుతదన్నట్టు.
బల్లకు బిగిచ్చి ముట్టిచ్చిండు.
రేకుల మీది పావురాలన్ని ఒక్కపారి లేసినయి.
చాయ గిలాసల మీగడ వణికింది.
ఆ మోత నా దవడ పండ్లల్ల ఇప్పటికీ ఉన్నది.
సారు నవ్విండు.
ఆయన అట్ల నవ్వంగ నేనెప్పుడూ సూడలే.

"యాడిది భాయ్?" అన్న.
షర్ఫొద్దీన్ బట్టతోటి చేతులు తుడ్సుకున్నడు,
తుడ్సినవే మళ్ల తుడ్సుకున్నడు.
"బాలానగర్ తాన, హైవే మీద. పోయిన ఎండకాలం.
కర్నూలు దాంక పోయి పొద్దుగూకే లోపల
ఎనకకొస్తనని ఇంట్ల చెప్పి పోయిండంట."
ఇంత సేపాగి అన్నడు:
"దీనికి ఎనుక గేరుండదు సారూ.
బైకు గద, కాళ్లతోటి నూక్కుంటరు."

బతుకంత తరుగు కోసినోణ్ణి.
తేమకు రెండు కిలోలు, మట్టికి కిలో, తాలుకు అర్ధ.
రైతు మొఖం సూడకుంట కోసిన రోజులున్నయి.
ఈ అరవై ఒకటిల ఎంత కొయ్యాలె?
కాంట ముల్లు నడుమల నిలబడ్డది, నా దిక్కే సూస్తున్నట్టు.

సారు మళ్ల అడిగిండు, "అరవై ఒకటేనా?"
"కాంటకు తెలిసింది అంతే సారూ."

మూడొద్దులు ఆయన రాలే.
నాలుగో దినం సైకిలు దిగకుంటనే చెప్పిండు,
"వ్యానుదే పెట్టు."
నిలువుగ కూసుంటదట,
ఎనుక చక్రాలకు షాఫ్టు సీదా పోతదట,
సామాను జడ్చర్లలనే దొరుకుతదట.
అన్నీ నిజాలే.
నేను అడగలే.

దసర ఎల్లినంక కల్వకుర్తి తొవ్వల తీసినం.
ఆర్టీసీ బస్సు హారను కొట్టుకుంట మమ్ముల దాటిపోయింది.
కిటికీలకెల్లి ఒక ముసలామె
"సగం కారేనా కొడుకా, మిగిలింది యాడవాయె?" అన్నది.
సారుకు కోపం రాలే.
ఒక చోట తొవ్వ తప్పినం.
ఎనుక గేరేసి, మెడ తిప్పి,
కందిచేను ఒడ్డు దాంక మెల్లగ ఎనకకొచ్చిండు.

ఆ మూడోది ఇంక షెడ్డులనే ఉన్నది.
శుక్రారం నమాజైనంక షర్ఫొద్దీన్ సంచి ఇప్పి
నాలుగు చుక్కల నూనె పోసి
పానతోటి ఒక సుట్టు తిప్పుతడు.
"అమ్మవు, వాడవు, ఎందుకు భాయ్?"
"తిప్పకుంటే పట్టేస్తది గద" అంటడు.

మొన్న సారు వచ్చిండు.
ఏం మాట్లాడలే.
పాన అందుకొని
ఆయన తిప్పిండు.