పల్లమెరుగు

నీరు పల్లమెరుగు అని
చిన్నప్పుడు పలక మీద దిద్దిన మాట.
ఆ పల్లంలో ఎవరుంటారో
సామెత చెప్పలేదు.

పిట్స్‌బర్గ్‌లో మా ఇల్లు గుట్ట మీద.
కొన్న ఏడాదే, రెండో కారుకి చోటు చాలదని
ముందున్న గడ్డి పెకలించి
సిమెంటు పోయించాను.
ఎంత వాన కురిసినా దాని మీద
చుక్క నిలిచేది కాదు.
కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడి
మెరుస్తూ దిగిపోయే వీధిని చూసి
ఎంత శుభ్రమో అనుకునేదాన్ని.
దిగి ఎక్కడికి పోతుందని
అడగాలనే తోచలేదు.

పదకొండేళ్ళు.

ఒక జూన్‌లో నా పార్సిల్ దారి తప్పి
అదే నంబరున్న కింది వీధి ఇంటికి చేరింది.
తెచ్చుకోడానికి మొదటిసారి
నూట నలభై రెండు మెట్లు దిగాను.
లొరెట్టా గ్రిగ్స్‌బీ తలుపు తీసి
"తడిసింది, తిట్టుకోకు" అంటూ
నేలమాళిగలోకి తీసుకెళ్ళింది.

ముందు వాసన పలకరించింది.
వాన వాసన కాదు.
ఇక్కడ వాన నీళ్ళూ, ఊళ్ళో మరుగుదొడ్లూ
ఒకే గొట్టంలో పోతాయట.
అది నిండితే వెనక్కి తిరిగి
పల్లంలో వాళ్ళ నేల కంతల్లోంచి లేస్తాయట.
గోడ మీద పెన్సిలు గీతలు,
పిల్లల ఎత్తు కొలిచినట్టు,
ఒక్కో గీత పక్కన ఒక్కో తేదీ.
మోకాలి దగ్గర మూడు. నడుం దగ్గర ఒకటి.
"ఆ నడుం దగ్గరిది
మా ఆయన సాక్సఫోన్‌ని తీసుకుపోయింది" అంది,
ఎవరి మీదా కోపం లేకుండా.

ఆ తేదీ నాకు గుర్తుంది.
ఆ రాత్రి బయట జోరున వాన.
నేను పకోడీలు వేశాను.

సిమెంటు పోయించడం కంటే
పగలగొట్టడానికి ఎక్కువ ఖర్చయింది.
హ్రబోవ్‌స్కీ గారు డెబ్బై ఆరేళ్ళ నడుముతో
సమ్మెట మోసుకొచ్చారు, వద్దన్నా వినలేదు.
భూటాన్ నుంచి శిబిరాల మీదుగా వచ్చిన పబిత్ర
బంకమన్ను ముద్ద చేసి, నలిపి చూసి
"దీనికి తాగడం రాదు, నేర్పాలి" అంది.
ఆకుల ఎరువు తొమ్మిది బస్తాలు కలిపాం.
డర్విన్ మాత్రం తన కారు చోటులో
అంగుళం ఇవ్వనన్నాడు. ఇవాళ్టికీ ఇవ్వలేదు.
గునపం అరువిచ్చాడు,
రెండుసార్లు అడిగి మరీ వెనక్కి తీసుకున్నాడు.

వాళ్ళు రెయిన్ గార్డెన్ అన్నారు.
మావైపు ఇంకుడు గుంట అంటాం అన్నాను.
హ్రబోవ్‌స్కీ గారి నోట అది "ఇంకూడూ" అయింది,
అదే నిలిచింది.
శనివారమైతే గుట్ట మీద ఎవరో ఒకరు
"ఇంకూడూకి వస్తున్నావా?" అని కేకేస్తారు.
మిల్క్‌వీడ్ నాటాం, మన జిల్లేడుకి చుట్టం,
ఆకు తుంచితే అవే పాలు.
చూరు గొట్టాలు కోసి పీపాల్లోకి మళ్ళించాం.
మొదటి ఏడు సగం మొక్కలు చచ్చాయి.
కొన్ని జింకలు తిన్నాయి.

రెండో ఏడు, ఆగస్టులో
ఆకాశం చిల్లు పడ్డ రాత్రి
టార్చి పట్టుకుని గుంట పక్కన నిలబడ్డాను.
నీళ్ళు పరుగున వచ్చాయి,
కాడల మధ్య తడుముకున్నాయి,
ఏదో మరిచిపోయినట్టు ఆగాయి.
పట్టరాని సంతోషం, ఒక్క నిమిషం.
తర్వాత లెక్క గుర్తొచ్చింది:
గుంటలు పద్నాలుగు,
గుట్ట మీద ఇళ్ళు రెండు వందలు.

తెల్లారి మెట్లు దిగాను.
లొరెట్టా చీపురుతో ఎదురొచ్చింది.
ఏమని అడగను?
"వచ్చాయి" అంది తనే. "చీలమండ దాకా."

గోడ దగ్గరికి నడిచి
చెవి వెనక పెన్సిలు తీసి
నా చేతిలో పెట్టింది.
"నీ నీళ్ళే కదా, నువ్వే రాయి."

అంత కింద గీయాలంటే
వంగితే చాల్లేదు.
తడి నేల మీద
మోకాళ్ళూనాల్సి వచ్చింది.