తిమ్మిరి

లెస్టర్‌లో బుధవారం
క్షయ క్లినిక్ రోజు.
కిటికీ మీద వాన ఎటు జారాలో తేల్చుకోలేక
చుక్కలు చుక్కలుగా నిలబడి ఉంది.

అందరికీ అవే మాత్రలు.
చిన్నవి, తెల్లవి, ఒక్కోటీ వంద మిల్లీగ్రాములు,
రోజుకి మూడు.
మందుల కిటికీ వెనక నేను
లెక్కపెట్టి సీసాల్లో పోస్తాను.

మహ్మూద్ ఘొనేమ్ కైరో మనిషి,
బేకరీలో రాత్రి డ్యూటీ.
"పాదాల్లో చీమలు పాకుతున్నాయి చెల్లీ" అన్నాడు.
ఆయన కాలేయం
పెట్టెలో బట్టలు సర్దే పెద్దావిడ లాంటిది.
నిన్నటిది మడత పెట్టేలోపే
నేటిది వచ్చి మీద పడుతుంది.

నిదానమే ప్రధానమని బళ్ళో కాపీ రాయించారు.
కాలేయానికి ఆ మాట చెప్పకండి.

అల్లికలు నేర్పే హత్సుయే మోరితా ఒంట్లో
మందు చుట్టంలా కూర్చోదు.
చెప్పులైనా విప్పకుండా
గుమ్మంలోంచే వెళ్ళిపోతుంది.

పుస్తకంలో లెక్కలున్నాయి:
నైలు ఒడ్డున పదిమందిలో ఎనిమిది మంది నిదానం,
జపాన్ దీవుల్లో పదికి ఒక్కరు,
ఈ ఊళ్ళోనూ మా వైపునా ఇంచుమించు సగం.
ఏ ముత్తాతలు ఏ పొయ్యి పొగ మింగారో,
ఏ కరువులో ఏ చేదు వేరు తవ్వుకు తిన్నారో
ఎవరూ రాసిపెట్టలేదు.
ఎంజైముకి గుర్తుందేమో.
లేదా ఉత్త లాటరీయేనేమో.

ఫారంలో జాతికి ఒక గడి ఉంటుంది.
డెరెక్ లమ్లీ, మేజోళ్ళ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు,
'తెల్ల, బ్రిటిష్' దగ్గర టిక్కు పెట్టి
బూటు విప్పి చూపించాడు:
"గుండుసూదులమ్మా, రాత్రంతా."

ఆయనకి చీమలు, ఈయనకి గుండుసూదులు,
నా భాషలో తిమ్మిరి.
నరం ఒకటే.

పోయినేడు ల్యాబ్ వాళ్ళు పోలిక కోసం అడిగితే
నేనూ మా అక్క హైమవతీ రక్తం ఇచ్చాం.
ఒక కడుపున పుట్టి
ఒక కంచంలో తిన్నవాళ్ళం.
పెళ్ళికి వెళ్ళాలంటే గంటన్నర జడ వేసుకునే మా అక్క
వేగం అని వచ్చింది.
చురుకైన పిల్లనని పేరు పడ్డ నేను
నిదానం.
అది ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇద్దరి చీటీల మీదా
బి-ఆరు విటమిన్ మోతాదు పెంచి రాశారు డాక్టరు.
పొట్లాలు కట్టి ఇచ్చాను.

బస్సు ఇంకా రాలేదు.
బయట బెంచీ మీద
మహ్మూద్, డెరెక్ పక్కపక్కనే.
మాటల్లేవు.
బూట్ల లోపల
ఇద్దరి వేళ్ళూ కదులుతున్నాయి.