పన్నెండు మంది చెవులు

కాడ్ చేపల తలలు తెగే బల్లకి పైన
నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ సంచి తొడుక్కుని
కొక్కేనికి వేలాడుతుంది స్పీకరు.
ఎందుకో తెలీదు, దానికి నా ఫోనొక్కటే కలుస్తుంది.
అందుకని పన్నెండు మంది పాటలకీ నాదే పూచీ.

బోట్స్‌ఫ్యోర్డ్‌లో నవంబరు నెలాఖరు.
సూర్యుడు సెలవు చీటీ కూడా ఇవ్వకుండా పోయాడు,
జనవరి దాకా రాడు.
చేతులకి రెండేసి జతల గ్లవుజులు.
పాట మార్చాలంటే వాళ్లు నన్ను మోచేత్తో పొడవాలి,
నేను ముక్కుతో తెర మీద నొక్కాలి.

త్సెగాయ్‌కి వాళ్ల ఊరి పెళ్లిపాటలు కావాలి,
ఒక్కోటీ పన్నెండు నిమిషాలు.
మధ్యలో ఆపితే పీటల మీద పెళ్లి ఆపినట్టు చూస్తాడు.
విల్మాంతెకి ఏడుపు పాటలే, కానీ పరిగెత్తాలి.
లేకపోతే కత్తి నిద్రపోతుందట.
ఒడ్వార్ ఏదీ అడగడు.
నచ్చనిది మొదలైతే మాత్రం
గొట్టం తిప్పి నీళ్ల హోరు పెంచుతాడు.
అదీ ఓటే.

సుపాపోర్న్ పాట పేరు మర్చిపోయింది.
కూనిరాగం తీసి నా మొహంలోకి చూస్తుంది.
వెతికే గడిలో అక్షరాలు పడతాయి గానీ
ఆ ముక్కుతో తీసే వంపు ఎలా పడుతుంది?
ఏదో ఒకటి పెడతాను. కాదంటుంది.
ఇంకోటి. ఊహూ.
మూడు వారాలైంది. ఇంకా కాదు.

డిసెంబరులో పాటల కంపెనీ
నా ఏడాది లెక్క కట్టి పంపింది, రంగుల అట్ట మీద:
"నువ్వు తెల్లారకముందే పెళ్లికి నాట్యమాడతావు,
మరుక్షణం పరిగెడుతూ ఏడుస్తావు.
నీలాంటివాళ్లు బహు అరుదు."

కాఫీ గదిలో గట్టిగా చదివాను. పడీపడీ నవ్వారు.
తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు,
కప్పుల మీద ఊదుకుంటూ కూర్చున్నారు.
"ఎవడో గానీ, వాడికి ఓవర్‌టైం ఇస్తున్నారా?"
అన్నాడు ఒడ్వార్. ఆ వారంలో అదే అతని మొదటి మాట.

ఆ లెక్కలో నా పాట కోసం వెతికాను.
లేదు.
నాకేం కావాలని నన్నెవరూ అడగలేదు,
అడిగినా ఏం చెప్పేదాన్నో.

ఆ రాత్రి షిఫ్టు దిగి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని
ఇంటిదారి పట్టాను.
ఇక్కణ్ణించి గదికి తొమ్మిది నిమిషాలు.
'నీ కోసం' అంటూ ఫోన్ పెళ్లిపాట చూపించింది.
చేప వాసన వేసే వేలితో, ఈసారి వేలితోనే, నొక్కాను.

తలుపు దగ్గరికొచ్చేసరికి
ఇంకా మూడు నిమిషాలుంది.
తాళంచెవి చేతిలో పట్టుకుని
మంచులో నిలబడ్డాను,
ఎవరి పెళ్లో ఏమో,
ఆగిపోకూడదు కదా అని.