పదకొండో కిటికీ

కళింగపట్నంలో దొర బంగళా కొలవడానికి
టేపు పట్టుకుని వెళ్ళాను.
వచ్చే వారం పడగొట్టేస్తారు,
ఈలోగా కాగితం మీద ఒకసారి నిలబెట్టాలట.

బయట తిరిగి లెక్కపెట్టాను, కిటికీలు పదకొండు.
లోపల తిరిగాను, పది.
ఎండదెబ్బేమోనని నీళ్ళు తాగి మళ్ళీ తిరిగాను.
పదే.

గుమ్మం మీద దొర పేరు ఉప్పుగాలి తినేసింది,
1787 మాత్రం దాని పళ్ళకు లొంగలేదు.
వాకిట్లో ఆరు స్తంభాలు:
దూరానికి పాలరాయి, దగ్గరికొస్తే సున్నం,
గోరుతో గీరితే వంశధార ఒండ్రు ఇటుక.
గుల్లలు కాల్చి, బెల్లం నీళ్ళు పోసి,
గానుగెద్దు తిరిగి తిరిగి నూరిన సున్నం
రెండువందల ముప్పై ఏళ్ళుగా
ఇంగ్లండు వేషం విప్పలేదు.

తూర్పు గదిలో చలిమంట గూడు.
మాఘంలో కూడా చొక్కా పిండుకునే ఊళ్ళో
చలిమంట గూడు!
పటం ఓడెక్కి వచ్చింది,
చలి రేవులోనే ఆగిపోయింది కాబోలు.
ఇప్పుడందులో అసిరమ్మ గెంజి కాస్తోంది.
ముత్తాతల నాటినుంచి వాళ్ళే కావలి,
జీతం ఎవరి కాలంలో ఆగిందో ఆమెకు తెలీదు.

"పదకొండోది ఏదమ్మా?"
గరిటెతో తూర్పు గోడ చూపించింది.
"అది బొమ్మ కిటికీ బావూ.
పడమట మూడుంటే ఇటూ మూడుండాలంట, అందానికి.
లోన దొర పడక. పొద్దు మొకాన పడిపోద్దని
మూసీమన్నాడంట.
ఎదర సముద్రం ఎట్టుకొని ఈ బొమ్మేటని
మా గౌరునాయుడు మేస్త్రి నవ్వినాడంట.
నవ్వినందుకు ఒక పూట కూలి కోసీసినారు."

దొర ఆ గదిలో పడుకున్నది మూడేళ్ళేనట.
తర్వాత జ్వరం.

టేపు చివర కొక్కెంతో గోడ గీరాను.
మేకు దిగని ఇల్లది, నిన్న రెండు గునపాలు వంగాయి.
ఇక్కడ మాత్రం, ఈ మూడడుగుల మేర,
పైపూత రాలగానే వేలికే గుల్లయిపోతోంది.
సున్నం కాదు. మన్ను.
ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉత్త చెరువు మన్ను.

తప్పు చేసిన చెయ్యి కాదది,
వాకిట్లో ఆరుగురు సాక్షులున్నారు.
ఎప్పుడో ఎవరో తెరుస్తారని
కూలి కోయించుకున్న మనిషి
గడియ పెట్టకుండా మూసిన తలుపది.

ఒక ఇటుక లాగాను.
కంతలోంచి ఉప్పుగా, చల్లగా,
కంటిలోకి నేరుగా సముద్రం.

ఫారంలో 'కిటికీల సంఖ్య' గడి దగ్గర
పెన్ను ఆగిపోయింది.

వెనకనుంచి అసిరమ్మ,
"మూసీ బావూ,
పొయ్యారిపోతంది."